ప్రవేశం మాత్రమే

గురువారం ఉదయం గృహప్రవేశం. సోమవారం సాయంత్రానికల్లా మాణిక్యవల్లి సమకూర్చుకోవలసినవన్నీ సమకూర్చుకుంది. పాలు పొంగించే ఇత్తడి గిన్నె తోమి బోర్లించింది. గుమ్మం ముందు కొట్టే బూడిద గుమ్మడికాయ దొర్లిపోకుండా పాత చీర చుట్ట ఆనించి మంచం కింద పెట్టింది. పీటలు రెండూ కడిగి ఆరబెట్టింది. ఇక పీటల మీద కూర్చోవలసిన ఇద్దరిలో ఒకరు సిద్ధంగా ఉన్నారు. రెండో ఆయన పద్మవ్యూహంలో ఉన్నాడు.

ఇది మాటవరసకు అన్నది కాదు. చింతలమెరక పురపాలక సంఘంలో ఇంటి పన్నుల సెక్షను సీనియర్ అసిస్టెంటు గవర్రాజు, అంటే మాణిక్యవల్లి భర్త, నిజంగానే పద్మవ్యూహంలో ఉన్నాడు. మునిసిపల్ పార్కులో, మోకాలెత్తు మొక్కల వరసల మధ్య, రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనిపిస్తూ ఉన్నాడు. లోపలికి వెళ్ళి రెండో వారం నడుస్తోంది.

పెళ్ళయిన నాటినుంచీ మాణిక్యవల్లి అద్దె ఇళ్ళలోనే కాపురం చేసింది. మేకు కొట్టాలంటే ఇంటివాళ్ళని అడగడం, నలుగురు చుట్టాలు వస్తే నీళ్ళ మోటారు గురించి మాట పడడం, ఇవన్నీ అలవాటైపోయాక ఇన్నాళ్ళకి ఓ రెండు గదుల ఫ్లాటు సొంతమైంది. గురువారం దాటితే మూఢం. మళ్ళీ ముహూర్తాలు దసరా వెళ్ళాకే. ఇప్పుడున్న ఇంట్లోకి శుక్రవారం పొద్దున్నే కొత్తవాళ్ళు సామాన్ల లారీతో దిగుతున్నారని ఇంటావిడ అప్పుడే రెండుసార్లు చెప్పి వెళ్ళింది. అంచేత గవర్రాజు గురువారం పీటల మీద కూర్చోకపోతే, శుక్రవారం మాణిక్యవల్లి గుమ్మడికాయతో సహా రోడ్డు మీద కూర్చోవాలి.

ఇంతకీ పద్మవ్యూహం చింతలమెరకకి ఎలా వచ్చిందంటే, విమానంలో వచ్చింది.

ప్రతి పురపాలక సంఘమూ ప్రపంచ స్థాయి పర్యాటక ఆకర్షణ ఒకటి నెలకొల్పి తీరాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. పక్క ఊరివాళ్ళు అప్పటికే మురుగు కాలవ మీద గాజు వంతెన కట్టేశారు. ఆ పైఊరివాళ్ళు ఎత్తయిన విగ్రహం నిలబెట్టారు. ఎవరిదన్నది ఇంకా తేలలేదు గానీ ఎత్తులో మాత్రం లోటు లేదు. ఏం పెట్టాలో తెలియక మథనపడుతున్న కమిషనర్ త్రివిక్రమరావు గారికి ఏదో పత్రికలో లాబిరింత్ బొమ్మ కనిపించింది. చుట్లు చుట్లుగా తిరిగి మధ్యకు చేరే దారి. వేల ఏళ్ళ నాటిదట. ప్రపంచమంతా ఉన్నవట. ప్రపంచమంతా ఉంది కాబట్టి ప్రపంచమంతా వెళ్ళి చూడాలని తీర్మానం అయింది.

చూసి వచ్చాక కమిషనర్ గారు కౌన్సిల్ సమావేశంలో నివేదిక చదివారు. గవర్రాజు ఆ రోజు వెనక బెంచీలో కూర్చుని విన్నాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ అంతా పెళ్ళానికి చెప్పాడు.

"గౌరవ సభ్యులారా, గ్రీసు దేశపు ద్వీపంలో మిక్కిలి ప్రాచీనమైన లాబిరింత్ కొరకు మన బృందం గాలించడమైనది. శిథిలాలు దొరికినవి గాని లాబిరింత్ దొరకలేదు. దీనినిబట్టి దానిని ఎంత పకడ్బందీగా నిర్మించి ఉంటారో సభ్యులు ఊహించుకోగలరు. ఫ్రాన్సులో ఒక చర్చి గచ్చు మీద రాళ్ళతోనే దారి తీర్చి ఉన్నది. ఛైర్‌పర్సన్ గారు పాదరక్షలు విడిచి నడచి, మధ్యకు చేరేసరికి మనసు తేలికపడినదని సెలవిచ్చారు."

"చెప్పులు దొరికినియ్యా అండీ?" అని వెనకనుంచి ఎవరో అడిగారట.

"స్వీడన్ సముద్రతీరంలో జాలరులు గుండ్రాళ్ళతో పేర్చిన చుట్లు ఉన్నవి. వేటకు పోయే ముందు వాటిలో నడిస్తే గాలి అనుకూలిస్తుందని వారి విశ్వాసము. బృందం నడిచినది. గాలి మితిమీరి అనుకూలించి ఇంజనీరు గారి టోపీ సముద్రంలో పడినది. ఇంగ్లండులో ఆకారంలో కాస్త భిన్నమైన, నిలువెత్తు మొక్కల నడుమ, బృందంలో సగం మంది తప్పిపోగా తోటమాలి నిచ్చెన ఎక్కి కేకవేసి రప్పించాడు. మన పొరుగున కర్ణాటకలో ఒక ఆలయం గోడ మీద ఇటువంటిది చెక్కి ఉన్నదని తెలియవచ్చింది. అయితే అది విదేశంలో లేనందున పరిశీలన పరిధిలోకి రాలేదు."

చప్పట్లు అయ్యాక, దీన్ని తెలుగులో ఏమనాలన్న ప్రశ్న వచ్చింది. అంతా ఆ ప్రశ్న దగ్గరే చెడింది.

ఇంజనీరు "చిక్కుదారి" అన్నాడు. ప్రభుత్వ పథకంలో చిక్కు అన్న మాట ఉండకూడదని ఛైర్‌పర్సన్ గారు తోసిపుచ్చారు. అప్పుడు అందరికంటే పెద్దవాడైన కౌన్సిలరు కోటిలింగం గారు లేచి, కండువా సర్దుకుని, "పద్మవ్యూహం" అన్నారు. సభ పులకించిపోయింది. ఇంత మంచి మాట ఇంట్లో పెట్టుకుని ఖండాలు తిరిగామే అని కమిషనర్ గారే ఆశ్చర్యపోయారు.

ఇంజనీరు ఒక్కడే నసిగాడు. "అయితే సార్, మనం చూసినవాటిలో చాలా వరకు తప్పిపోవడానికేం లేదండి. ఒకటే దారి. మధ్య దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, అదే దారిన బయటికి వచ్చేస్తారు."

కోటిలింగం గారికి ఒళ్ళు మండింది. "పద్మవ్యూహంలోంచి తిరిగి రావడమేంటయ్యా? పుట్టి బుద్ధెరిగాక ఎక్కడైనా విన్నావా? లోపలికెళ్ళడమే ఉంటది. బయటికి దారి పెట్టావంటే అది పార్కవుద్ది గానీ పద్మవ్యూహం ఎలాగవుద్ది?"

ప్రవేశ ద్వారం ఒకటి ఉండాలని, అది ప్రవేశానికి మాత్రమే వాడాలని, నిష్క్రమణ అన్నది మన సంప్రదాయానికి విరుద్ధమని ఏకగ్రీవంగా ఆమోదించేశారు.

ప్రారంభోత్సవం నాడు ఛైర్‌పర్సన్ గారు రిబ్బను కత్తిరించి, బయటే కుర్చీలో కూర్చుని, లోపల నడిస్తే కలిగే మనశ్శాంతి గురించి మాట్లాడారు. ఫొటోల్లో నిండుగా కనబడాలని ఆఫీసు సిబ్బందినంతా లోపలికి పంపారు. ఊళ్ళోవాళ్ళు కొందరు సరదాపడి వెనకాలే వెళ్ళారు. చుట్లు తిరిగీ తిరిగీ అందరూ మధ్యకు చేరారు. ఫొటోలు తీశారు. పెద్దలు కార్లెక్కి వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి గుమ్మం దాకా వచ్చిన గవర్రాజుకి కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, బోర్డు చూశారాండీ? 'ప్రవేశం మాత్రమే' అనుందండి."

"బయటికెళ్ళేది ఎటువైపయ్యా?"

"అది లేదండి."

పిల్లలు మొక్కల మీంచి గెంతి ఇళ్ళకి పోయారు. రెండు మేకలు వచ్చి, నాలుగు చిగుళ్ళు తిని, దాటుకుని వెళ్ళిపోయాయి. అంతలో మైకులో ప్రకటన వచ్చింది: మొక్కలను దాటడం 'మార్గోల్లంఘన' కిందికి వస్తుంది, ఉద్యోగులైతే శాఖాపరమైన చర్యలు ఉంటాయి, పౌరులైతే పేర్లు నోటీసు బోర్డులో పెడతారు. పేరుకి విలువ లేనివాళ్ళు ఒక్కొక్కరే కాలెత్తి దాటుకున్నారు. సాయంత్రానికి లోపల మిగిలింది పెన్షను ఉన్నవాళ్ళూ, పరువు ఉన్నవాళ్ళూను.

గవర్రాజు రిటైరు కావడానికి ఇంకా ఎన్నాళ్ళో లేదు.

* * *

సోమవారం సాయంత్రం మాణిక్యవల్లి క్యారియర్ పట్టుకుని పార్కుకి వెళ్ళింది. గవర్రాజు బయటి చుట్టు దగ్గర, మొక్కలకి అవతల నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ మధ్య దూరం ఒక చాప వెడల్పు కూడా లేదు. ఆవిడ మొక్కల మీంచి క్యారియర్ అందించింది. కాపలావాడు చూసి సరేనన్నట్టు తలూపాడు. అన్నం దాటొచ్చు, మనిషే దాటకూడదు.

"ఏం కూర?"

"దొండకాయ. అది తర్వాత. ముందు ఆ కాలెత్తి ఇటు పెట్టండి."

"ఏ కాలు?"

"ఏ కాలైతే ఏంటండీ! గృహప్రవేశానికి కుడికాలు చూసుకుందురుగాని. దీనికి ఏదైనా పరవాలేదు."

గవర్రాజు మొక్కల వంక దిగులుగా చూశాడు. "పెన్షను, మాణిక్యం."

"పొద్దున నా కళ్ళముందే దూడ దాటింది."

"దూడకి సర్వీసు రిజిస్టరు ఉండదు కదే."

ఆవిడ నిట్టూర్చి మొక్కల పక్కనే చతికిలబడింది. ఆయన అవతల పక్కన చతికిలబడి గిన్నె విప్పాడు. తింటూ తింటూ, "నిజం చెప్పొద్దూ, లోపల నడుస్తుంటే మనసు కాస్త తేలిగ్గానే ఉంటోందే" అన్నాడు.

"ఎందుకుండదూ? కుళాయికి క్యూలో నించునేది నేనూ, పెయింటు వాడితో అరిచేది నేనూ, మీ మేనత్తకి బొట్టు పెట్టి పిలిచేది నేనూ."

"ఇక్కడా పనులున్నాయి. సెక్షను మొత్తం లోపలికే తెచ్చేశారు. ఆ మధ్యలో చూడు, టేబుళ్ళు. సిబ్బంది అంతా ఇక్కడే ఉంటే ఆఫీసు అక్కడెందుకని కమిషనర్ గారే పంపించారు."

మాణిక్యవల్లి తల ఎత్తి చూసింది. చుట్లన్నిటికీ మధ్యలో షామియానా కింద బల్లలు, ఫైళ్ళు, ఫ్యాను. వాటి చుట్టూ ఎవరెవరో జనం.

"వాళ్ళెవరు?"

"ఇంటి పన్ను కట్టడానికి వచ్చినవాళ్ళు."

"కట్టేశారా?"

"కట్టేశారు. ఇప్పుడు ఇక్కడే ఉన్నారు."

రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకాయన లోపలి చుట్టులో కర్ర ఊపుకుంటూ నడుస్తున్నాడు. ఎవరికీ ఎవరూ అడ్డం రాకుండా మలుపుల దగ్గర 'సైడు, సైడు' అంటున్నాడు. పదిమందీ ఆయన వెనక వరసలో తిరుగుతున్నారు. మాణిక్యవల్లికి ఒక్క క్షణం వాళ్ళంతా గానుగ చుట్టూ తిరుగుతున్నట్టు అనిపించింది.

"గురువారం ముహూర్తం" అంది మెల్లిగా. "ఎలాగైనా రావాలి మీరు."

గవర్రాజు దొండకాయ ముక్క నములుతూ, "కమిషనర్ గారిని అడిగి చూడు. ఆయన మంచాయనే. పన్లో పనిగా శుభలేఖ కూడా ఇచ్చి పిలువు. పిలవకపోతే బావుండదు" అన్నాడు.

* * *

మంగళవారం కమిషనర్ గారి గదిలో ఆవిడని చాలాసేపు నిలబెట్టి, తర్వాత కూర్చోమన్నారు. గోడ నిండా ఫొటోలు. గ్రీసులో శిథిలాల ముందు కమిషనర్ గారు. చర్చి గచ్చు మీద ఉత్త కాళ్ళతో ఛైర్‌పర్సన్ గారు. టోపీ లేని ఇంజనీరు.

మాణిక్యవల్లి శుభలేఖ ఇచ్చి, గొడవంతా చెప్పుకుంది. కమిషనర్ గారు కళ్ళు మూసుకుని విన్నారు.

"అమ్మా, మీ విన్నపం పరిశీలనకు అర్హమైనదే. అయితే నిష్క్రమణ అనునది ప్రాజెక్టు మొదటి దశలో లేదు. రెండవ దశలో ప్రతిపాదించి ఉన్నాము. అందుకు ముందుగా ప్రపంచ దేశాలలో నిష్క్రమణలు ఏ విధంగా ఉన్నవో బృందం వెళ్ళి అధ్యయనం చేయవలసి ఉంటుంది. మొదటి యాత్రలో మేము ప్రవేశాలు మాత్రమే చూశాము."

"అదేంటండీ! ఆ దేశాల్లో మీరూ లోపలికి వెళ్ళారు కదా. మరి బయటికి ఎలా వచ్చారు?"

"వెళ్ళిన దారినే వచ్చాము." ఆయన గొంతు తగ్గించారు. "అది అధికారికంగా నమోదు కాలేదు."

"పోనీ ఆయన సెలవు పెడితేనో?"

"నిరభ్యంతరంగా మంజూరు చేస్తాము. సెలవుదినాన్ని లోపలే గడపవచ్చును."

"ఒక్క పూట అండీ. పీటల మీద కూర్చుని లేచాక నేనే తీసుకొచ్చి మళ్ళీ గుమ్మంలోంచి లోపలికి పంపిస్తాను. నాదీ హామీ."

కమిషనర్ గారు ఈసారి నిజంగానే ఆలోచనలో పడ్డట్టు కనిపించారు. ఒక్క పూట బయట ఉండడాన్ని నిష్క్రమణ అనాలా, తాత్కాలిక ప్రవేశ విరామం అనాలా అని తనలో తనే గొణుక్కున్నారు. కలం కూడా చేతిలోకి తీసుకున్నారు. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది.

ఆయన నిలబడి మాట్లాడారు. "అవునండి... మాదేనండి... చిత్తం, చిత్తం!" అని ఫోను పెట్టేసి, తేలిపోతున్న మనిషిలా కుర్చీలో కూర్చున్నారు.

"అమ్మా, శుభవార్త. మన పద్మవ్యూహానికి ఉత్తమ సందర్శక ఆకర్షణ పురస్కారం. మిగతా పార్కుల పరిస్థితి మీకు తెలుసు కదా. పొద్దున్న వచ్చినవాడు సాయంత్రానికి వెళ్ళిపోతాడు. పెరిగిన సంఖ్య పెరిగినట్టే తగ్గిపోతుంది. మన వద్ద పెరుగుదలే తప్ప తరుగుదల లేదు. రాష్ట్రంలో ఇటువంటి రికార్డు మరొక చోట లేదట. శుక్రవారం పైనుంచి వచ్చి తలలు లెక్కపెడతారు."

"అయితే మావారు..."

"మీవారు ఒక తల" అన్నారు కమిషనర్ గారు గౌరవంగా. కలం జేబులో పెట్టేసుకున్నారు. "ఇప్పుడు ఒక్క తల కూడా తగ్గే ప్రశ్నే లేదు. తగ్గినట్టు ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను. గృహప్రవేశానికి మాత్రం తప్పక వస్తాను."

బయటికి వచ్చి మాణిక్యవల్లి పురోహితుడు సోమయాజులు గారికి ఫోను చేసింది. భర్త పక్కన లేకపోతే అతని ఉత్తరీయం పీట మీద పెట్టుకుని కూర్చోవచ్చా అని అడిగింది.

"దేశాంతరంలో ఉంటే ఏదో ఒకటి ఆలోచించవచ్చమ్మా" అన్నాడాయన. "పొద్దున్నే నేను పార్కు పక్కనుంచే వచ్చాను. మీ ఆయన మొక్కల మధ్య కూర్చుని పెసరట్టు తింటున్నాడు. నాకు చెయ్యి కూడా ఊపాడు. చెయ్యి ఊపే మనిషి ఉండగా ఉత్తరీయానికి మంత్రం ఎలా చెప్పను?"

* * *

బుధవారం పొద్దున క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మాణిక్యవల్లి ఒకటి చూసింది. చెత్తబండి. మునిసిపాలిటీ మూడు చక్రాల బండి, వెనక ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా, పైన మైకు. అది గుమ్మంలోంచి లోపలికి వెళ్ళింది, చుట్లు తిరిగి మధ్యకు చేరింది, ఎంగిలి ఆకులూ చిత్తుకాగితాలూ ఎక్కించుకుంది, మళ్ళీ చుట్లు తిరిగి, అదే గుమ్మంలోంచి దర్జాగా బయటికి వచ్చింది. కాపలావాడు సలాం కొట్టినంత పని చేసి పక్కకి తప్పుకున్నాడు.

"అదెలా వచ్చిందయ్యా బయటికి?"

"చెత్త కదండీ" అన్నాడు కాపలావాడు. "చెత్తకి కూడా ప్రవేశం మాత్రమే అంటే పార్కు నిండిపోదూ? కమిషనర్ గారే చెప్పారు. చెత్తని ఎప్పటికప్పుడు బయటికి పంపించెయ్యాలంట."

మాణిక్యవల్లి ఖాళీ గిన్నెలు కూడా తీసుకోకుండా గబగబా బండి వెనకాల నడిచింది.

బండి నడిపే నూకరత్నం మొదట ససేమిరా అంది. పదేపదే బతిమాలితే, "రేపు పెందరాళే వస్తాను. మీరు గుమ్మం దగ్గరుండండి అమ్మగారూ. కానీ నా రూలు నాకుందండి" అని వెళ్ళిపోయింది.

ఆ రూలేమిటో గురువారం తెలిసింది. పొద్దున్న మాణిక్యవల్లి పట్టుచీర కట్టుకుని, గుమ్మంలోంచే రాజమార్గాన లోపలికి వెళ్ళింది. బండి మధ్యకు వచ్చి ఆగింది. గవర్రాజు పార్కు కుళాయి కింద తలారా స్నానం చేసి, మాణిక్యవల్లి తెచ్చిన పట్టుపంచె తడవకూడదని చేత్తో ఎత్తి పట్టుకుని, తడి తువ్వాలుతో వణుకుతూ నిలబడ్డాడు.

నూకరత్నం ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "తడా, పొడా?"

"మనిషే తల్లీ" అన్నాడు గవర్రాజు.

"మనిషైనా ఏదో ఒకటి చెప్పాలండి. కలిపి ఎత్తితే నాకు జీతం కోస్తారు. తడైతే ఆకుపచ్చ డబ్బా, పొడైతే నీలం."

ఆకుపచ్చ డబ్బాలో నిన్నటి సాంబారు ఆకులు కనిపిస్తున్నాయి. గవర్రాజు ముఖం అదోలా పెట్టాడు. "పొడి" అంది మాణిక్యవల్లి తడుముకోకుండా.

"పొడంటారేంటండీ, నీళ్ళు కారుతుంటే!"

"ఆరబెడతాం."

ముహూర్తం దగ్గరపడుతోంది. గవర్రాజుని ఎండలో చేతులు చాపి నిలబెట్టారు. ఇంటి పన్ను కట్టడానికి వచ్చి ఉండిపోయిన ఆడవాళ్ళిద్దరు ఫైళ్ళతో విసిరారు. హెడ్మాస్టరుగారు వచ్చి వెనక్కి తిరగమని, చంకలు కూడా ఆరాలని పర్యవేక్షించారు. నూకరత్నం గవర్రాజు ముంజేతిని వేలితో తాకి చూసి, సరే అంది. పంచె కట్టుకుని గవర్రాజు నీలం డబ్బాలో, అట్టపెట్టెల మీద, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. నెత్తిన ఉత్తరీయం చుట్టాడు. మాణిక్యవల్లి బండి పక్కన నడిచింది. తాను కూడా బయటికి రావాలన్న సంగతి ఆవిడకి సగం చుట్లు తిరిగాక గుర్తొచ్చింది.

"నేనెలాగే?"

నూకరత్నం ఆలోచించి ఒక చీపురు చేతికిచ్చింది. "పట్టుకుని నా కూడా రండి. నన్నెవరూ లోపల ఉంచెయ్యరు."

గుమ్మం దగ్గర కాపలావాడు బండిలోకి తొంగి చూశాడు. గవర్రాజు కళ్ళలో కళ్ళు పడ్డాయి. అలవాటు కొద్దీ "నమస్కారం సార్" అనేశాడు. తర్వాత నాలిక్కరుచుకున్నాడు.

"ఏంటిది?"

"పొడి చెత్త" అంది నూకరత్నం.

కాపలావాడు పట్టుచీర వంకా చీపురు వంకా చూశాడు. లోపలున్న తలల గురించి అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెత్త గురించి మాత్రం గట్టిగా చెప్పారు. పక్కకి తప్పుకున్నాడు.

మైకు ఆపడం ఎలాగో నూకరత్నానికి ఎవరూ నేర్పలేదు. అంచేత చెత్తను వేరు చేసి ఇవ్వండన్న ప్రకటన మారుమోగుతుండగా, వీధి పొడవునా ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని గుమ్మాల్లోకి వస్తుండగా, గవర్రాజు తన గృహప్రవేశానికి ఊరేగాడు. ఒకావిడ చూసుకోకుండా చెప్పుల పెట్టె ఒకటి ఆయన ఒళ్ళో పడేసి, "అయ్యో అన్నయ్యగారూ!" అని రెండు చేతులతో బుగ్గలు నొక్కుకుంది.

"పరవాలేదమ్మా, పొడిదే" అన్నాడు గవర్రాజు.

* * *

ఫ్లాటు గుమ్మం ముందు చుట్టాలు కిక్కిరిసి ఉన్నారు. సోమయాజులు గారు వాచీ చూసుకుంటూ తిడుతున్నట్టు మంత్రాలు చదువుతున్నాడు. మాణిక్యవల్లి చీపురు మెట్ల కింద పెట్టి, చేతులు కడుక్కుని, కలశం అందుకుంది. కొంగుముడి వేశారు. గుమ్మడికాయ కొట్టారు.

"కుడికాలు పెట్టి ప్రవేశించండి" అన్నాడు సోమయాజులు గారు.

గవర్రాజు ఆగిపోయాడు.

"ప్రవేశమా?" అన్నాడు. ముఖం పాలిపోయింది. గడప మీంచి లోపలికి తొంగి చూశాడు. "మాణిక్యం, బయటికి దారెటు?"

"ఏంటండీ?"

"పెరటి గుమ్మం ఎక్కడుంది? ముందది చూపించు. అప్పుడు కాలు పెడతాను."

"ఫ్లాటుకి పెరటి గుమ్మం ఎక్కడుంటుందండీ! ఇదొక్కటే."

"ఒక్కటే గుమ్మమా!" గవర్రాజు ఒకడుగు వెనక్కి వేశాడు. కొంగుముడి బిగుసుకుని మాణిక్యవల్లి కూడా ఒకడుగు వెనక్కి వచ్చింది. "నేను రాను. నాకు తెలుసు ఈ వరస. లోపల ఫ్యాను ఉంటుంది, కుళాయి ఉంటుంది, అన్నీ బాగానే ఉంటాయి."

చుట్టాలు ముఖాలు చూసుకున్నారు. మేనత్త, "వీడికి పార్కు గాలి తగిలిందే" అంది. సోమయాజులు గారు వాచీ చూపించి గోల పెట్టాడు. మాణిక్యవల్లి మొగుడి ముఖం చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చాలాసార్లు చాలావాటికి భయపడ్డాడు గానీ, ఇలా చంటిపిల్లాడిలా కళ్ళు పెద్దవి చేసుకుని ఎప్పుడూ చూడలేదు. ఆవిడకి ఇన్నాళ్ళూ ఆయన మీద ఉన్న కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు.

కొంగుముడి విప్పింది. కలశం చంకన పెట్టుకుని కుడికాలు లోపల పెట్టింది. "ఇదిగో, వెళ్ళాను." వెనక్కి తిరిగి అదే గుమ్మంలోంచి బయటికి వచ్చింది. "ఇదిగో, వచ్చాను. ఎవరైనా చెయ్యి అడ్డం పెట్టారా?"

"అమ్మా, అమ్మా!" సోమయాజులు గారు నెత్తి కొట్టుకున్నాడు. "గృహప్రవేశంలో బయటికి రావడం లేదమ్మా! దానికి మంత్రం లేదు!"

"లేకపోతే ఊరుకోండి, ఈ ఒక్కసారికీ మంత్రం లేకుండానే వస్తాను." మళ్ళీ లోపలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. "వెళ్ళిన దారినే రావచ్చండీ. ఇది మన ఇల్లు. రాత్రి చెత్త పడెయ్యడానికి వస్తారు, పాల ప్యాకెట్టుకి వస్తారు, నామీద అలిగి వస్తారు. ఎన్నిసార్లైనా రండి. వెళ్ళినన్నిసార్లూ వద్దురుగాని."

గవర్రాజు కాసేపు ఆవిడ పాదాల వంకే చూశాడు. తర్వాత కొంగు అందుకుని, తనే ముడి వేసి, కుడికాలు గడప దాటించాడు. దాటించి, ఎడమకాలు బయటే ఉంచి, ఇంకోసారి వెనక్కి చూసుకున్నాడు. ఎవరూ అడ్డం రాలేదు. అప్పుడు రెండో కాలు కూడా తెచ్చుకున్నాడు.

పాలు పొంగాయి.

* * *

కమిషనర్ గారు మాట నిలబెట్టుకున్నారు. భోజనాల వేళకి వచ్చి, రెండు గదులూ చూసి మెచ్చుకుని, పంక్తిలో కూర్చున్నారు. పులిహోర గిన్నె పట్టుకుని వడ్డిస్తున్న గవర్రాజు, తప్పించుకునే వీలు లేక, సరిగ్గా ఆయన ఆకు ముందే నిలబడిపోయాడు.

కమిషనర్ గారు తలెత్తి గవర్రాజుని చూశారు. గరిట చూశారు. చాలాసేపు చూశారు. మర్నాడు పొద్దున తలలు లెక్కపెట్టడానికి వచ్చేవాళ్ళు ఆయన కళ్ళ ముందు మెదిలినట్టున్నారు.

"పోలిక ఆశ్చర్యంగా ఉన్నది" అన్నారు చివరికి. "గవర్రాజు గారికి ఏమవుతారు?"

"వేలువిడిచిన తమ్ముడండి" అంది మాణిక్యవల్లి.

"అదే అనుకున్నాను. ఆయన లోపల ఉన్నారు కదా. ఉన్నారని ఈ ఉదయమే సంతకం చేసి వచ్చాను." ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, రుచికి కళ్ళు మూసుకున్నారు. "ఇటువంటి రోజున పాపం ఆయన రాలేకపోవడం విచారకరం. ఇంకొంచెం వేయండి. ఆయనను కూడా ఒకసారి చూసి, నేను అడిగానని చెప్పండి."

గవర్రాజు వంగి మరో గరిటెడు వేశాడు.

"అలాగేనండి. కనిపిస్తే చెప్తాను" అన్నాడు.